తువ్వాల కింద కుదిరిన స్పెల్లింగు

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారుగానీ, ఎనభైలలో మా ఆదోనిలో ఇంగ్లీషు వచ్చిన కుర్రవాడికి తేలుమంత్రం వచ్చినవాడికున్నంత గిరాకీ ఉండేది. టెలిగ్రాం వస్తే అది చదివి ఏడవాలో నవ్వాలో చెప్పడానికి మమ్మల్నే పిలిచేవారు. కొత్తగా కొన్న మిక్సీ పెట్టెలో కాగితం దొరికితే చదివి వినిపించమనేవారు (విన్నాక మిక్సీని ఎలాగూ వాళ్లకు తోచినట్టే తిప్పేవారు). డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, ఒక దినపత్రికకు ఊరి వార్తలు పంపుతూ కాలం వెళ్లబుచ్చుతున్న నాకు ఆ గిరాకీయే పెద్ద హోదాగా కనిపించేది. వరసగా వానలు తప్పిన ఏళ్లవి. ఆలూరు వైపు పల్లెల నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని రైలు స్టేషనుకు నడుస్తుంటే నేను వాళ్ల గురించి నాలుగు వాక్యాలు రాసి పంపేవాణ్ణి, పత్రికవాళ్లు రెండు వాక్యాలు వేసేవారు. అలాంటి దిగులు రోజుల్లో మా ఊరికి కంప్యూటరు వచ్చింది. అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలంటే ముందు టైపు సారు గురించి చెప్పాలి.

టైపు సారు ఇన్‌స్టిట్యూటు ఒక పత్తి దలాలీ అంగడి పైన, మిద్దె మీద ఉండేది. కింద దూది గాలిలో తేలుతుంటే పైన మిషన్లు టకటకలాడేవి. ఆదోనిలో గుమాస్తా ఉద్యోగం వచ్చిన ప్రతివాడి వేళ్లూ ఒకప్పుడు ఆయన స్కేలు దెబ్బ తిన్నవే. ఆయన పాఠంలో మొదటి నియమం, మీటల వైపు చూడకూడదు. చూస్తారేమోనని మిషను మీద రేకు మూత బిగించేవాడు. "కండ్లు కాగితం మీద పెట్టు, వేళ్లు మిషను మీద పెట్టు, మనసు యాడన్నా పెట్టుకో బేటా, నాకేం పనిలేదు" అనేవాడు. స్పెల్లింగు విషయంలో మాత్రం ఆయన దగ్గర మాఫీ లేదు. "ఇంగ్లీషోడు పోతా పోతా స్పెల్లింగు ఈడనే వదిలిపెట్టి పోయినాడు. మనకు అప్పజెప్పి పోయినాడన్నమాట. వానిది వాడు చెడగొట్టుకున్నా మనం చెడగొట్టగూడదు" అని వాదించేవాడు. అలాంటి మనిషి మిద్దె మీద ఆ ఏడు సగం మిషన్లకు గుడ్డ కప్పి ఉండేది. కర్నూలులో కంప్యూటరు నేర్పుతామని బోర్డులు లేచాయి. పిల్లలు మెట్లెక్కి వచ్చి, "సార్, టైపు ఇంకెన్నాళ్లుంటాది?" అని ఆయన్నే అడిగి దిగిపోయేవారు.

సరిగ్గా అప్పుడు మా బావ (అక్క భర్త) బెంగుళూరు నుంచి దిగాడు. టైపు సారు దగ్గర స్కేలు దెబ్బ తినకుండా పాసైన ఒకే ఒక్క శిష్యుడని ఊళ్లో చెప్పుకునేవారు. బావ మాత్రం తిన్నాననే చెప్పేవాడు. బెంగుళూరులో కంప్యూటరు పని నేర్చుకుని, అక్కడి ఉద్యోగం వదిలి, స్నేహితుడి కంపెనీ నుంచి ఒక యంత్రాన్ని అడిగి తెచ్చాడు. ఒప్పందం ఇది. ఎమ్మిగనూరులో చేనేత సరుకు టోకున అమ్మే ఒక సావుకారి ఉన్నాడు. ఆయన కొట్లో ఏ రంగు దుప్పట్లు ఎన్ని, ఏ రంగు తువ్వాళ్లు ఎన్ని అన్నది అడిగిన వెంటనే చెప్పే ప్రోగ్రామును బావ రాయాలి. అది సావుకారికి నచ్చితే యంత్రం ఆయన కొట్లోనే ఉండిపోతుంది. టైపు సారు దాని ముందు కూర్చునే ఉద్యోగి అవుతాడు, సాయంత్రాలు అక్కడే పిల్లలకు కంప్యూటరు నేర్పుకోవచ్చు. నచ్చకపోతే యంత్రం బెంగుళూరు బస్సెక్కుతుంది, దాని వెనకే బావ ఎక్కాలి. సారుకు ఎక్కడానికి ఏ బస్సూ లేదు.

యంత్రం మిద్దెకెక్కిన నాడు సారు చెప్పులతో పాటు మా అందరి మాటలూ గుమ్మం బయటే వదలమన్నాడు, గట్టిగా మాట్లాడితే దానికి దెబ్బ తగులుతుందేమోనని. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. ఆ చీకట్లో పచ్చటి అక్షరాలు వెలిగితే కళ్లు తుడుచుకున్నాడు (దుమ్ము అన్నాడు). ఆ ఆనందం వారం కూడా నిలవలేదు. బావ రాసిన ప్రోగ్రాములో ఏది అడగాలన్నా ముందు 'కలర్' అని కొట్టి, ఆ తర్వాత రంగు పేరు కొట్టాలి. సారు ఆ మాటలో 'యు' పెట్టి కొట్టాడు. యంత్రం, అలాంటిదేమీ లేదు పొమ్మంది.

"సార్, ఆ యు తీసేయండి. దీని పుస్తకంలో యు లేదు" అన్నాడు బావ.

"పుస్తకం ఎవరు రాసినార్రా?"

"అమెరికావాళ్లు సార్."

"నీకు టైపు అమెరికావాడు నేర్పినాడా, నేను నేర్పినానా?"

అక్కడితో ఆగలేదు. బూడిద రంగు అనే మాటను సారు ఒకలా కొట్టాడు, బావ ఒకలా కొట్టాడు. యంత్రం వాటిని రెండు వేర్వేరు రంగులనుకుని దుప్పట్లను రెండు కుప్పలు చేసింది. 'సెంటర్'లో ఆఖరి రెండక్షరాలూ ఏది ముందు ఏది వెనక అని ఒక పూట గడిచింది. 'ప్రోగ్రామ్'కు చివర తోక ఉండాలా వద్దా అని మరో పూట గడిచింది. "ఏదన్నా కానీండి సార్, అంతా ఒక తీరుగుండాల. దానికి మనసు లేదు, సర్దుకోదు" అని బావ మొత్తుకున్నాడు. "ఒక తీరుగుండాల కదా? నేనూ అదే అంటాండా. నా తీరుగుండనీ" అన్నాడు సారు.

నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇంతకన్నా గొప్ప అవకాశం నా జీవితంలో అంతవరకూ రాలేదు. రెండు డిక్షనరీలు చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. ఇంగ్లండు ఎక్కడుంది, అమెరికా ఎక్కడుంది, నడుమ సముద్రం ఎంత వెడల్పు అన్న దగ్గర మొదలుపెట్టి, చివరకు "రెండూ రైటే" అన్నాను. సారు కుర్చీ నా వైపు తిప్పాడు. "రెండూ రైటయితే నేను ఇన్నేండ్లు పిల్లోళ్లను ఎందుకు కొట్టినాన్రా? నీకు డిగ్రీ ఎవరిచ్చినారు?" అన్నాడు. బావ, "వీడు పత్రికోడు సార్, అందరికీ మంచోడు గావాల" అన్నాడు. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఆఖరి విషయం అదే. మర్నాటి నుంచి మాటలు లేవు. ఒకే గదిలో కూర్చుని, "వాణ్ణి కరెంటు తీయమను", "సారును ఫ్లాపీ ఇయ్యమను" అని నా ద్వారా చెప్పించుకునేవారు. అక్క ఇద్దరికీ కలిపి పంపే క్యారియర్ మూత తీయకుండానే సాయంత్రానికి ఇల్లు చేరేది. సావుకారి మాత్రం మనిషి మీద మనిషిని పంపిస్తున్నాడు, యంత్రానికి పూజ చేసే మంచిరోజు దగ్గరపడిందని.

ఎద్దుల మామ రంగంలోకి దిగింది అప్పుడే. మా అమ్మకు తమ్ముడు, ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరాలు కుదిర్చే దలారి. ఏదో పని మీద మా ఇంటికొచ్చి, సంగతంతా విని, "స్పెల్లింగంటే ఏందప్పా?" అని అడిగాడు. నేను మళ్లీ సముద్రం వెడల్పు దగ్గర మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఎవరెంత తగ్గల్ల అనేదే గదా? దానికింత సదువెందుకు? పా, తువ్వాల తీసుకో."

ఎద్దుల సంతలో ధర పైకి అనరు. దలారి తువ్వాల కప్పి, దాని కింద ఒకరి చెయ్యి పట్టుకుంటాడు. ఎంతకు తగ్గుతాడో వాడు వేళ్లతో చెబుతాడు. తర్వాత రెండోవాడి దగ్గరకు పోయి అలాగే చెయ్యి పట్టుకుంటాడు. చుట్టూ నిలబడినవాళ్లకు మూడు బిగుసుకున్న ముఖాలు తప్ప ఏమీ కనిపించదు. "పైకంటే నలుగురిలో తగ్గినట్టయితాది, తువ్వాల కిందయితే ఎవురికి తెలుస్తాది?" అన్నాడు మామ మెట్లెక్కుతూ. మిద్దె మీద సారునూ బావనూ చెరో మూల కూర్చోబెట్టి షరతు చెప్పాడు. పిడికిలి బిగిస్తే తగ్గేది లేదని. ఎన్ని వేళ్లు చాపితే అంత తగ్గినట్టు. చెయ్యంతా తెరిస్తే మొత్తం ఎదుటివాడి ఇష్టానికి వదిలినట్టు. "యాడనన్నా నోరు తెరిచినారో, నేను లేసి పోతా."

ముందు సారు దగ్గర కూర్చున్నాడు. తువ్వాల కింద ఏదో కదిలింది, ఆగింది. సారు కిటికీ వైపు చూస్తున్నాడు. తర్వాత బావ దగ్గర కూర్చున్నాడు. మళ్లీ కదిలింది, ఆగింది. మామ లేచి నిలబడి తువ్వాల దులిపి, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. నోటిలోనే ఏదో లెక్క వేసుకున్నాడు. ఎన్నో బేరాలు చూసిన మనిషి అలా తికమకపడటం నాకు వింతగా తోచింది.

"కుదిరింది" అన్నాడు ఆఖరికి.

"ఎట్ల కుదిరింది మామా?" అన్నాను.

"కుదిరిందంటే కుదిరింది. ఎద్దు కొన్నవాని కట్టుకొయ్యకు చేరేదాకా ధర నోటికి రాగూడదు. వస్తే బేరం చెడిపోతాది. మీ యంత్రం సావుకారి అంగట్లో నిలబడేదాకా ఎవురూ ఎవురినీ అడగాకండి. గమ్మునుండండి."

ఆ రోజు అక్క క్యారియర్ మూత తెరుచుకుంది. సారు తన వాటా అప్పడం విరిచి బావ ఆకులో వేశాడు. బావ ఆయన గ్లాసులో మజ్జిగ పోశాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే రకమైన వెలుగు కనిపించింది, ఎదుటివాడికి ఏదో ఇచ్చి దాచుకున్నవాళ్ల ముఖాల్లో ఉండే వెలుగు. నేను దాన్ని నా తెలివికి దక్కిన ఫలితంగా లెక్కవేసుకున్నాను. మామను పిలవడం నా ఆలోచనేనని నందవరం దాకా తెలిసినవాళ్లందరికీ చెప్పాను.

ఆ తర్వాత బావ యంత్రాన్ని జీపులో వేసుకుని ఎమ్మిగనూరు వెళ్లి, సావుకారి కొట్లోనే మకాం పెట్టాడు. సరుకంతా తానే ఎక్కించి, ప్రోగ్రాము మొత్తం మళ్లీ దిద్దుతున్నానని కబురు పంపాడు. సారు ఇక్కడ మిద్దె మీద పాత టైపు మిషను ముందు కూర్చుని, మూత బిగించుకుని, కొత్తగా చేరిన పిల్లవాడిలా పొద్దస్తమానం కొట్టేవాడు. నేను వెళితే కాగితం లాగి ముద్ద చేసి జేబులో పెట్టుకునేవాడు. ఒకరోజు ఆయన కుడిచేతి చూపుడు వేలికి ప్లాస్టరు చుట్టి ఉంది. ఏమైంది సార్ అంటే "ముసలిదైంది, మాట వినదు" అన్నాడు. స్కేలు బల్ల మీదే ఉంది. గదిలో మరో విద్యార్థి లేడు. పిల్లలు లేని గదిలో ఆయన ఎవరిని కొడుతున్నాడో అడగాలని నాకు తోచలేదు (వార్తలు రాసేవాణ్ణి కదా, కళ్లముందున్నది కనిపించదు).

మంచిరోజు వచ్చింది. సావుకారి కొట్లో తెల్లటి పరుపుల మీద బంధువులు బారులు తీరి కూర్చున్నారు. నేల నుంచి కప్పు దాకా దుప్పట్లు, తువ్వాళ్లు, చీరల మూటలు. యంత్రానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, మల్లెల దండ. పురోహితుడు హారతి ఇచ్చాక సావుకారి కళ్లకద్దుకుని, "కానీండి సారూ. బూడిద దుప్పట్లు ఎన్నుండాయో అడగండి" అన్నాడు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగోడ మీది క్యాలెండరుకు తగిలించి, మీటల వైపు గానీ తెర వైపు గానీ చూడకుండా కొట్టాడు. అంత అందంగా ఒక మనిషి పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు.

తెర మీద, లేదు అని వచ్చింది.

"ఎర్ర దుప్పట్లు అడగండి." సారు కొట్టాడు. లేదు. పచ్చ తువ్వాళ్లు. లేదు. నీలం చీరలు. లేదు. సారు చూపు క్యాలెండరు మీద నుంచి కదల్లేదు. అంతా సవ్యంగా సాగుతోందన్న చిరునవ్వుతో అడగనివి కూడా అడుగుతూ పోయాడు. తెర నిండా కింది దాకా లేదు, లేదు, లేదు అని పచ్చగా వెలిగింది. సావుకారి పక్కనున్న అల్లుడికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. మామగారి చెవిలో అనువదించాడు. సావుకారి తలెత్తి కప్పు దాకా పేర్చిన మూటల వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "నా అంగట్లో ఏమీ లేదంటాండాదా?"

బావ ముఖంలో నెత్తురు లేదు. "సావుకారీ, ఒక్క నిమిషం. ఒక్క అక్షరం మార్చుకుంటే అయిపోతాది" అని ముందుకు వంగాడు. సావుకారి బావ భుజం మీద చెయ్యి వేశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "అక్షరం సంగతి నాకు తెలీదప్పా. అసలే కరువు కాలం. పూజ చేసి కూర్చోబెడితే, నలుగురి ముందర నా కొట్లో ఏమీ లేదని ఇన్నిసార్లు అనె. ఇంగ దీన్ని ఇంట్లో ఎట్ల పెట్టుకునేది? మీరే సెప్పండి."  ఇంగ్లండు, అమెరికా, సముద్రం, ఏవీ అక్కడ పనికిరావని నాక్కూడా అర్థమైంది. అందరికీ భోజనం పెట్టి పంపించాడు. బాధ ఏమిటంటే భోజనం చాలా బాగుంది.

తిరుగు ప్రయాణంలో సారు జీపు ముందు సీట్లో కూర్చున్నాడు, బావ వెనక తెరను ఒళ్లో పెట్టుకుని. ఎమ్మిగనూరు దాటేదాకా సాగనంపడానికి, పూజకు వచ్చిన ఎద్దుల మామ కూడా ఎక్కాడు.  చివరకు నేనే అడిగాను, తువ్వాల కింద ఏం కుదిరిందో ఇప్పటికైనా చెప్పమని. మామ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "బేరం ఎట్లూ చెడిపోయె, సెప్తే ఏముండాది. ఇద్దరూ చెయ్యి మొత్తం తెరిచినారప్పా. మొదటి తడవకే. నా దలారీతనంలో అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ తగ్గింది యాడా చూల్లేదు. కుదిరింది అన్నా. కుదిరినట్టే గదా?"

అప్పుడర్థమైంది నాకు. సారు 'యు' లేకుండా కొట్టడం నేర్చుకున్నాడు. బావ 'యు' పెట్టి ప్రోగ్రామంతా తిరగరాశాడు. సారు వెనక్కి తిరగలేదు. ముందు రోడ్డు వైపే చూస్తూ, "నువ్వెందుకు తగ్గినావ్ రా?" అన్నాడు.

"మీరు కొడతాంటే చూసినా సార్. ఆ వేలు దానంతటదే పోతాది యు మీదికి. దాన్ని ఎట్ల ఆపమనేది?" తెరను ఇంకాస్త దగ్గరకు లాక్కుని, "మీరెందుకు తగ్గినారు సార్?" అని అడిగాడు బావ.

"బెంగుళూరులో నీకు కుర్చీ ఉండె. అది ఇడిసిపెట్టి నా మిద్దెక్కినావు. ఒక్క అక్షరం ఇయ్యలేనా నీకు?"

డ్రైవరు మొత్తం విని పకపకా నవ్వాడు. మేమూ నవ్వాం, ఆగలేక. సారు ఎక్కువగా నవ్వాడు, ప్లాస్టరు వేలితో కళ్లు తుడుచుకుంటూ. ఆదోని కొండ కనిపించేసరికి ఆ నవ్వు అయిపోయింది. మిద్దె కింద జీపు ఆగినప్పుడు యంత్రాన్ని దించాలా, బస్టాండుకే తీసుకుపోవాలా అని డ్రైవరు అడిగాడు. బావ తెరను ఒళ్లోంచి దించలేదు.

బావా అక్కా ఆ నెలలోనే బెంగుళూరు వెళ్లిపోయారు. నేను కొన్నాళ్లకు పత్రికలో ఉద్యోగం దొరికి కర్నూలు డెస్కులో చేరాను. మళ్లీ సారును చూసింది ఆ దశాబ్దం చివర్లో, ఆదోని తాలూకాఫీసు ఎదుట, తాటాకు పందిరి నీడలో. ఒక్క మిషను, ఒక్క స్టూలు. కుళాయిలో వచ్చే నీళ్లు ఎర్రగా ఉన్నాయని ఎవరో ఒక అమ్మ ఇంగ్లీషులో అర్జీ రాయించుకుంటోంది. సారు ఆమె ముఖం వైపే చూస్తూ కొట్టి కాగితం చేతికిచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని నా భుజం పక్కనుంచే వెళుతుంటే చూశాను. నీళ్ల రంగులో 'యు' లేదు.

"సార్..." అన్నాను.

"తెలుసు బేటా. మర్చిపొమ్మంటే శానా కష్టమ్మీద మర్చిపోయినాయి. మల్లా గుర్తు తెచ్చుకోండి అంటే వినవు." వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు. "పిల్లోళ్లు నన్ను చూసి అట్లనే కొట్టి పరీక్షల్లో మార్కులు పోగొట్టుకున్నారు. తప్పు కదా అది. మిద్దె ఖాళీ చేసినా." ఆ మాటలో ఫిర్యాదు లేదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పాడు. తర్వాత, అడగాలా వద్దా అని తటపటాయించినట్టు, "మీ బావ ఎట్ల కొడతాండాడు ఇప్పుడు?" అన్నాడు.

"యు పెట్టే కొడతాడు సార్. ఆఫీసులో అందరూ నవ్వుతారంట. మారనంటాడు."

సారు మిషనులో కొత్త కాగితం ఎక్కించి, అంచులు సరిచేసి, మళ్లీ సరిచేశాడు. "వానికి దెబ్బలు తక్కువ పడినాయి" అన్నాడు. ఆ ముఖంలోని నవ్వు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు గుర్తుంది.

రెండు డిక్షనరీలు చంకలో పెట్టుకుని ఆ మెట్లెక్కిన కుర్రవాణ్ణి అప్పుడప్పుడు తలచుకుంటాను. పాపం, ఎంత నమ్మకంగా ఉండేవాడో. ఇంగ్లీషులో ఆ మాట రాయవలసి వస్తే ఇప్పటికీ కలం ఒక్క క్షణం ఆగుతుంది. 'యు' పెడితే సారు గుర్తొస్తాడు, తీసేస్తే బావ గుర్తొస్తాడు, కాదు కాదు, అటుదిటు, ఇటుదటు. ఎవరిది ఏదో తేల్చుకోలేక, తెలుగు పత్రికవాణ్ణయినందుకు దేవుడికి దండం పెట్టుకుని, రంగు అని రాసి ఊరుకుంటాను.